గండం మోసే చేపలు

అక్క ఫోన్ చేస్తే ముందు బావ సంగతి చెబుతుంది, ఆ తర్వాత చేపల సంగతి. బావ బాయి నుంచి వచ్చిండు, తిన్నడు, పన్నడు. చేపలు మంచిగున్నయి. ఈ రెండూ అయ్యాకే నేను ఎట్లా ఉన్నానని అడుగుతుంది. చాలా ఏళ్లు పత్రికలో పనిచేసి ఇప్పుడు జనగామలో ఇంటిపట్టున ఉంటున్న నాకు ఈ వరస అలవాటైపోయింది. మొన్న చలికాలం చివర్లో ఒక పొద్దున ఆ వరస తప్పింది. బావ ఊసెత్తకుండా నేరుగా చేపలతో మొదలుపెట్టింది.

"తమ్మీ, తొట్టిల పురుగులు పడ్డయిరా. తెల్లగున్నయి. సన్నగ, దారప్పోగుల లెక్క. అద్దం మీదికి పాకుతున్నయి."

"చేపలేమన్న తేడాగున్నయా?"

"లేదు, బాగనే తిరుగుతున్నయి. గందుకే భయమైతున్నది. చేపలు బాగున్నయి, పురుగులు బాగున్నయి. మరి ఇంకెవలకు రాబోతున్నదిరా ఇది?"

ఎవరికి అని నేను అడగలేదు. అక్క చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

బావ భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. నేల కింద పని. కొన్నేళ్ల కిందట ఆయన పనిచేసే చోట పైకప్పు కూలింది. మంచినీళ్లు తాగడానికి బావ కాస్త పక్కకు జరిగాడు. అప్పటిదాకా ఆయనతో మాట్లాడుతున్న మనిషి అక్కడే ఉండిపోయాడు. ఆ పొద్దున ఇంట్లో తొట్టిలో ఎర్రచేప ఒకటి వెల్లకిలా తేలింది. దాన్ని కాగితంలో చుట్టి అక్క బయటికి తీసుకుపోతుండగా సైరన్ మోగింది. షిఫ్టు వేళలకు మోగే సైరన్‌ను బాయి క్వార్టర్లలో ఎవరూ చెవిన పెట్టరు. వేళ కాని వేళ మోగితే మాత్రం ఆడవాళ్లు పొయ్యి మీది గిన్నె దించకుండా బాయి గేటు దగ్గరికి పరుగెత్తుతారు. అక్క కూడా పరుగెత్తింది. ఒళ్లంతా దుమ్ముతో బావ నడిచి రావడం చూశాక, తన చేతిలో ఇంకా ఆ కాగితం పొట్లం ఉందని చూసుకుంది.

ఇంటికి రాబోయే గండాన్ని చేప తన మీద వేసుకొని పోతుందని చాలామంది అంటారు. వాస్తు చెప్పేవాళ్లు అంటారు, చేపలు అమ్మేవాళ్లు ఇంకొంచెం గట్టిగా అంటారు. అక్కకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పటినుంచి ఆ తొట్టికి అక్క కొన్ని కట్టుబాట్లు పెట్టింది. బావ షిఫ్టుకు బయల్దేరేటప్పుడు మేత డబ్బాను ఒకసారి ముట్టుకోవాలి. ఆయన గేటు దాటగానే అక్క పిడికెడు మేత వేస్తుంది. ఆయన తిరిగి వచ్చి కాళ్లు కడుక్కున్నాక ఇంకో పిడికెడు. సెలవునాడు ఎక్కువ కూలి వస్తుందని బావ పనిలోకి పోతే ఆ రోజు మేత కూడా ఎక్కువే. ఆయన నేల కింద ఉన్నంతసేపు తొట్టిలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆయన ఇంట్లో ఉంటే పడుకొని ఉంటాడు కాబట్టి చప్పుడు చేయకూడదు. అందువల్ల ఆ తొట్టిని కడిగే వేళంటూ ఏదీ మిగల్లేదు. నీళ్లు తగ్గితే పైనుంచి పోయడమే తప్ప, ఉన్న నీళ్లు తీసిన జ్ఞాపకం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

నేను మరునాడే బయల్దేరాను. రేగొండ దాటాక రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద బొగ్గు దుమ్ము కనిపించడం మొదలవుతుంది. లారీలు వెళ్లినప్పుడల్లా బస్సు కిటికీలు మూసేవాళ్లు మూస్తారు, అలవాటైనవాళ్లు ఊరుకుంటారు. అక్కావాళ్ల క్వార్టర్ చేరేసరికి సాయంత్రమైంది.

తొట్టి ముందు గదిలో, గుమ్మానికి ఎదురుగా ఇనుప స్టాండు మీద ఉంది. నీళ్లు లేత చాయ్ రంగులో ఉన్నాయి. మూడు ఎర్రచేపలు, ఒక నల్లచేప. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. మోకాళ్ల మీద కూర్చొని అడుగుభాగం చూశాను. అద్దానికీ గులకరాళ్లకూ మధ్య సందులో అవి ఉన్నాయి. వెంట్రుక మందం, గోరు పొడవు. ఒక్కొక్కటిగా చూస్తే జాలి పుట్టేంత చిన్నవి. అన్నీ కలిసి కదులుతుంటే రాళ్లే ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది. కొన్ని పైకి వచ్చి నీళ్లలో మెలికలు తిరుగుతూ మళ్లీ అడుగుకు పోతున్నాయి.

నేను వాటిని ఇంతకుముందు చూశాను. మానుకోటలో విలేకరిగా ఉన్న రోజుల్లో నేను అద్దెకున్న గది కింద ఫొటో స్టూడియో ఉండేది. ఫొటో దిగడానికి వచ్చే పిల్లలు ఏడవకుండా దాని యజమాని ఒక చేపల తొట్టి పెట్టాడు. ప్రతి పిల్లవాడి చేతా మేత వేయించేవాడు. కొన్నాళ్లకు ఇవే తెల్ల పురుగులు. ఆయన కొన్ని రోజులు మేత మానేసి, అడుగున పేరుకున్న మురికిని రబ్బరు పైపుతో లాగేసి, కొంచెం కొంచెంగా నీళ్లు మార్చాడు. నెల తిరిగేసరికి అవి కనబడలేదు.

అక్కకు అదే చెప్పాను.

"ఇవి చేపల్నేం చెయ్యవక్కా. మిగిలిన మేత రాళ్ల కింద మురిగితె దాన్ని తిని పెరుగుతయి. ఓ వారం మేత బంద్ పెట్టు. రాళ్లు తీసి కడుగుదాం."

"మేత బంద్ పెట్టాల్నా?" అక్క నన్ను పరాయివాణ్ని చూసినట్టు చూసింది. "మీ బావ బాయిల దిగినంక నేను వాటి నోర్లు కట్టెయ్యాల్నా?"

అప్పుడే నిద్ర లేచి వచ్చిన బావ గుమ్మానికి ఆనుకొని నవ్వాడు.

"నాకు టిఫిన్ కట్టుడన్న మర్సిపోతది గని చేపలకు మర్వది. మీ అక్క నన్ను లగ్గం చేసుకున్నదా, గా చేపల్ని చేసుకున్నదా అడుగు బావమర్ది."

"నీకు పెడ్తె తింటున్నవా? సగం డబ్బల్నే వాపస్ తెస్తున్నవ్. గవి నయం, ఇడిచిపెడ్తలెవ్వు."

"ఇడిచిపెడ్తున్నయి గనుకనే పురుగులు," అన్నాను.

"పేపరోడివి గద, గిది గూడ రాయి. భూపాలపల్లిల చేపలకు సుత మూడు షిఫ్టులని," అని బావ మళ్లీ నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి మారింది. ఆయన వెనక్కి తిరిగి నల్లా దగ్గరికి పోయి, అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. బాయిలో పనిచేసేవాళ్లు దగ్గడం ఆ క్వార్టర్లలో వింత కాదు. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు. నేను ఆయన వీపు వైపు చూశాను. బనీను కింద భుజాల ఎముకలు పోయినసారి కన్నా ఎక్కువగా కనబడుతున్నాయి. ఏడాదిలో రిటైరై పని నుంచి దిగిపోయే మనిషి, వయసు మీద పడింది అనుకున్నాను.

పక్క క్వార్టర్‌లో ఉండేది ఘనపూర్ అవతలి తండా నుంచి వచ్చిన కుటుంబం. ఇంటాయన బావ షిఫ్టే. ఇంటామె వాళ్లమ్మతో ఫోన్‌లో వాళ్ల భాషలో మాట్లాడుతూనే మా వైపు తిరిగి తెలుగులో ఆట పట్టించగల మనిషి. క్వార్టర్ వెనక రెండు మేకలు కట్టేసుకుంది. ఆ సాయంత్రం అక్క ఆమెను మేకలకు తాపే నట్టల మందు అడగడం విన్నాను. మేకల కడుపులో పురుగులు పడితే పోసే మందు అది.

"మేకకైతె బరువు చూసి తాపుతమక్కా. చేపకు బరువెట్ల చూస్తవ్?"

"చేపకు గాదు, పురుగులకు."

"అయితె పురుగుల్ని జోకుతవా? తెచ్చియ్యాల్నా త్రాసు?"

"ముందైతె సీస ఇయ్యి."

"ఇస్త గని, నీళ్లల్ల పోస్తె ఏమైతదో నాకు తెల్వదు. రేపు నన్ననద్దు."

నేను కల్పించుకొని చెప్పాను. ఆ మందు పురుగులను చంపినా చంపుతుంది, చచ్చినవన్నీ ఆ నీళ్లలోనే మురుగుతాయి, చేపలకు ఊపిరాడదు అని. అక్క తల ఊపింది. సీసా తెచ్చి తొట్టి వెనక పెట్టుకుంది. తల ఊపింది కదా అని నేను ఊరుకున్నాను.

మరునాడు బావది మొదటి షిఫ్టు. చీకటి విడవకముందే లేచి, మేత డబ్బా ముట్టుకొని, టిఫిన్ సంచి భుజాన వేసుకొని పోయాడు. అక్క పిడికెడు మేత వేసింది. తెల్లవారాక నేను పేపర్ల కోసం బస్టాండు దాకా నడిచాను. ఉద్యోగం మానినా నాలుగు పేపర్లు తిరగేయకపోతే నాకు తోచదు. చాయ్ తాగి, తిరిగి వచ్చేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చింది. తొట్టి పక్కన మూత తీసిన సీసా.

"పోసినవా?"

"జరంత. చెయ్యి పెట్టలె, పైనుంచే పోసిన." అక్క నా ముఖం చూడకుండా చెప్పింది. "చూడు, ఎట్ల రాలుతున్నయో."

నిజంగానే రాలుతున్నాయి. రాళ్ల సందుల్లోంచి అన్నీ ఒక్కసారి బయటికి వచ్చినట్టున్నాయి. అంతవరకు కనబడినవి ఎంత కొద్దో అప్పుడు తెలిసింది. అద్దం మీదికి పాకి, అక్కడినుంచి జారి, అడుగున ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. కాసేపటికి ఎర్రటి గులకరాళ్లు తెల్లబడ్డాయి. అక్క ముఖంలో రెండు రోజులుగా లేని నెమ్మది కనిపించింది. పోయి కూర తరుక్కోవడం మొదలుపెట్టింది.

వంట అయ్యేసరికి నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా మారాయి. చేపలు నాలుగూ పైకి వచ్చి, నోళ్లు నీటి అంచుకు ఆనించి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మందమైన వాసన గదంతా పట్టింది. నేను బకెట్ తెచ్చి నీళ్లు తోడబోతే అక్క నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు. ఆయన లోపటున్నడు."

"తోడకుంటె చస్తయక్కా."

"చెయ్యి పెట్టద్దన్న. ఆయన రానీ, అప్పుడు తోడుదువు."

ఆ పట్టు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం లేదు అందులో. ఎత్తు మీద నడిచే మనిషి దేన్నో ఆసరాగా పట్టుకున్నట్టు పట్టుకుంది. అట్లా ఉండగానే పెద్ద ఎర్రచేప పక్కకు ఒరిగింది. అక్క చెయ్యి వదిలేసింది. ఇద్దరం గబగబా నీళ్లు తోడి, కొత్త నీళ్లు పోశాం. ఫలితం లేదు. ఒకటి తర్వాత ఒకటి తిరగబడ్డాయి. నల్లచేప అన్నిటికన్నా ఎక్కువసేపు కొట్టుకుంది.

అక్క గోడకు ఆనుకొని కూలబడింది.

"గప్పుడు ఒక్కటే పోయింది. ఆయన పక్కోనితోని సరిపోయింది," అంది. "ఇయ్యాల అన్ని పోయినయిరా."

నేనేదో అన్నాను. మందు, నీళ్లు, ఊపిరి అని. అక్కకు వినబడలేదు. ఆమె బయటి చప్పుళ్లు వింటోంది. ఎక్కడో లారీ హారను మోగితే లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. సైరన్ మోగలేదు. దానితో నిమ్మళపడుతుందనుకున్నాను. మోగకపోయేకొద్దీ ఆమె ముఖం పాలిపోయింది. చివరికి కొంగు బిగించుకొని పక్క క్వార్టర్‌కు నడిచింది. నేనూ వెంట పోయాను.

పక్కింటామె మేకలకు నీళ్లు పెడుతోంది.

"మీ ఆయనకు ఫోన్ చెయ్యే ఒక్కసారి. మా ఆయన ఎట్లున్నడో అడుగు."

"బాయి లోపటికి ఫోన్ కలుస్తదా అక్కా? ఏమైంది?"

"చేపలన్ని పోయినయి. నాకు కాళ్లు చేతులు ఆడ్తలెవ్వు. లోపట ఏం జరుగుతున్నదో ఏమో."

"అయ్యో, చెప్పనే చెప్తి గద అక్కా మందొద్దని." ఆమె చెయ్యి తుడుచుకొని అక్క భుజం మీద వేసింది. "గిన్ని చేపలకే గింత పరేషానెందుకు? లోపట ఏం జరిగినా నీకేం ఫికరు, మీ ఆయన కిందికి దిగుతనే లేడు గద."

"ఎవలు దిగుతలేరు?"

ఆమె అక్కను చూసింది, నన్ను చూసింది. భుజం మీద చెయ్యి మెల్లగా తీసేసింది.

"దసరా సంది దీపాల రూంలనే గద అక్కా పని. నీకు తెల్సనుకున్న."

దీపాల రూం అంటే బాయి పైన, కిందికి దిగేవాళ్లకు నెత్తి మీది దీపాలు ఇచ్చి తీసుకునే గది. అక్కడ కూలేది ఏమీ లేదు. నా గుండె కుదుటపడింది. "మంచి మాటే గదక్కా, ఇంక భయమేంది?" అన్నాను.

అక్క ఇంటికి వచ్చేసింది. గుమ్మంలో కూర్చున్నాక అంది.

"బొగ్గు కొట్టేటోన్ని ఉట్టిగ పైకి తేరు తమ్మీ. డాక్టరు ఏదన్న రాస్తేనే తెస్తరు."

ఆ తర్వాత షిఫ్టు దిగేదాకా గుమ్మంలోంచి లేవలేదు. చచ్చిన చేపలను తీయనివ్వలేదు, తనూ తీయలేదు.

మధ్యాహ్నం ఎండలో బావ వచ్చాడు. గేటు దగ్గర ఆగి ఒక చెయ్యి గోడకు ఆనించి, చెప్పులో రాయి పడ్డట్టు కాలు విదిలించాడు. చెప్పులో రాయి లేదని నాకు అప్పుడు తెలిసింది. గుమ్మంలో అక్కను, ఆమె వెనక తొట్టిని చూశాడు.

"అయ్యో, అన్ని పోయినయా?"

"చేపల ముచ్చట తర్వాత. దసరా సంది యాడ పనిచేస్తున్నవ్?"

బావ మెట్టు మీద కూర్చున్నాడు. టిఫిన్ సంచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తె ఏంది? ఎందుకు తెచ్చిన్రు పైకి?"

"మంచి పనే. దీపాలిచ్చుడు, దీపాలు తీసుకునుడు. నీడపట్టున..."

"ఎందుకు తెచ్చిన్రు?"

"బాయి డాక్టరు రాసిండు. ఊపిరి పూర్తిగ పడ్తలేదట. వరంగల్ పోయి ఛాతి ఫొటో తీయించుకొమ్మన్నడు."

"తీయించినవా?"

బావ సంచి తాడును వేలికి చుట్టుకున్నాడు. "ఏడాదైతె దిగిపోత గద. అప్పుడు తీరిగ్గ పోదామనుకున్న."

"నాకెందుకు చెప్పలె?"

"ఏం చెప్పాలె? నువ్వు మేత ఏసుకుంట, పైకప్పు కూలకుంటె చాలు దేవుడా అనుకుంట ఉంటివి. గా నిమ్మళం నేనే ఎందుకు చెడగొట్టాలె?"

అక్క లేచి ఆయన వెనక్కి పోయి, చొక్కా మీదుగా వీపున అరచెయ్యి పెట్టింది. "ఊపిరి తియ్యి," అంది. ఆయన తీశాడు. "ఇంకోసారి." తీశాడు. మూడోసారి మధ్యలోనే ఆగిపోయి దగ్గాడు. దగ్గుకు ముందు వచ్చిన చప్పుడు నాకూ వినిపించింది. తడిసిన గోనెసంచిని సిమెంటు నేల మీద ఈడ్చినట్టు. అక్క చెయ్యి తీయలేదు.

"రేపు పోతున్నం," అంది.

"రేపు మొదటి షిఫ్టే..."

"రేపు పోతున్నం అన్న."

సాయంత్రం నేను తొట్టిని క్వార్టర్ వెనక్కి మోసుకుపోయి ఒంపేశాను. అక్క ఆ వైపు రాలేదు. నీళ్లన్నీ పోయాక గులకరాళ్లను చేత్తో కెలికాను. పైపొరలో ఉన్నవి చచ్చి జిగటగా అయిపోయాయి. కింద, అద్దం మూలల్లో, మందు అందని చోట కొన్ని ఇంకా కదులుతున్నాయి. రాళ్లు ఎండలో పరవడానికి ఎండ మిగల్లేదు. అట్లాగే వదిలేసి చేతులు కడుక్కున్నాను.

మరునాడు ముగ్గురం వరంగల్ దవాఖానలో ఉన్నాం. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లను చూసి "సగం మంది మా బాయోళ్లే ఉన్నరు బావమర్ది, ఈడ సుత హాజరు మస్టర్ పడాల్సింది," అన్నాడు. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. ఫొటో తీశాక లోపలికి పిలిచారు.

డాక్టర్ చిన్న వయసువాడు. ఫొటోను వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూశాడు. దించి, మళ్లీ ఎత్తాడు. పక్క గదిలోంచి ఇంకో డాక్టర్‌ను పిలిచాడు. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడుకున్నారు. పెద్దాయన ఫొటో మీద వేలితో ఒక చోట, తర్వాత ఇంకో చోట, ఆ తర్వాత రెండు వైపులా గీత గీసినట్టు చూపించాడు. ఎన్నో ఏళ్లు మనుషుల ముఖాలు చూసి రాసుకున్నవాణ్ని, వాళ్ల ముఖాల్లో ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను. దొరికింది నాకు నచ్చలేదు.

"దగ్గు, ఆయాసం ఎన్నాళ్ల నుంచి?" అని చిన్న డాక్టర్ అడిగాడు.

"గీ నడుమనే సారు," అన్నాడు బావ.

డాక్టర్ రాయలేదు. కలం పట్టుకొని అక్క వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. రోజూ చూసేవాళ్లు కదా. ఎన్నాళ్ల నుంచి?"

అక్క నోరు తెరిచింది. బావ ముఖంలోకి చూసింది, ఏదో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు. పోయిన చలికాలమా, అంతకుముందు వానాకాలమా అన్నట్టు పెదాలు కదిలాయి.

"నాకు తెల్వదు సారూ," అంది. "ఇంట్లనే ఉంట గని, నాకు తెల్వదు."